ఐదు రోజుల వర్క్‌షాపా, రెండు నెలల ఫెలోషిప్పా, ఆన్‌లైన్ కోర్సా: నల్లగొండ, పాలమూరు యువ పరిశోధకులు ఏ శిక్షణకు పోవాలి?

సంక్రాంతి సెలవులు అయిపోయిన దగ్గర్నుంచి వేసవి దాకా నా ఫోన్‌కు బ్రోచర్లు వస్తూనే ఉంటాయి. "మేడం, ఐదు రోజుల వర్క్‌షాప్ అట, పోవాల్నా వద్దా?" అని కింద ఒక ప్రశ్న. పంపేవాళ్లలో ఎక్కువమంది నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు. కొందరు మెడికల్ కాలేజీల్లో పీజీ చేస్తుంటారు. ఇంకొందరు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటూ రిసెర్చ్ మీద ఆశ చంపుకోలేనివాళ్లు. చేతిలో డబ్బు తక్కువ, సెలవులు ఇంకా తక్కువ. ఏడాదికి ఒక్క శిక్షణకు పోగలిగితే గొప్ప. ఆ ఒక్కటి ఏదో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను రెండుసార్లు తప్పు ఎంపిక చేసుకున్నాను. నా సలహా అంతా ఆ రెండింటి నుంచి వచ్చిందే కాబట్టి ముందు అవి చెప్తాను.

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో రియల్ టైం పీసీఆర్ (ఒక జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలిచే పద్ధతి) మీద ఐదు రోజుల వర్క్‌షాప్‌కు అప్పు చేసి ఫీజు కట్టి పోయాను. వాళ్లు బాగానే నేర్పారు. ఆర్‌ఎన్‌ఏ తీయడం, దాన్ని సీడీఎన్‌ఏగా మార్చడం, స్టాండర్డ్ కర్వ్ గీసి ప్రైమర్ల సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉందో లేదో చూడడం, అన్నీ రాసుకున్నాను. తిరిగొచ్చి చూస్తే మా డిపార్ట్‌మెంట్‌లో ఆ మిషను లేదు, ఆర్‌ఎన్‌ఏ దాచుకునే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కూడా లేదు. ఆరు నెలలయ్యేసరికి నోట్సు మిగిలింది, చేతికి వచ్చిన పని పోయింది.

రెండోది ఫ్లోరైడ్ పని, అంటే తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ పిల్లల పళ్లను ఎంత పాడుచేసిందో చూడడం. పెద్దల అనుమతి, పిల్లల ఒప్పుకోలు తీసుకొని, మర్రిగూడ, మునుగోడు వైపు నాలుగు ఊళ్ల బడుల్లో 212 మంది పిల్లల పళ్లు పరీక్షించాను. డేటా అంతా చేతికొచ్చాక స్టాటిస్టిక్స్ వర్క్‌షాప్‌కు పోయాను. అక్కడి సార్ పిల్లలెంతమంది అని అడగలేదు. "ఊళ్లెన్ని?" అని అడిగారు. ఒక ఊరి పిల్లలు ఒకే బోరు నీళ్లు తాగుతారు కాబట్టి వాళ్ల పళ్లు ఒకేలా ఉంటాయి, యాభైమూడో పిల్లవాడు కొత్తగా చెప్పేది చాలా తక్కువ. ఒకే ఊరివాళ్ల మధ్య పోలికను (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అచ్చం ఒకేలా) 0.1గా తీసుకున్నా, ఊరికి 53 మంది చొప్పున చూస్తే డిజైన్ ఎఫెక్ట్, అంటే మనుషుల లెక్కను ఎంతతో భాగించాలో చెప్పే అంకె, 6.2 వస్తుంది. అంటే నా 212 మంది దాదాపు 34 మందితో సమానం. అదే 21 ఊళ్లలో ఊరికి పదిమంది చొప్పున 210 మందిని చూసి ఉంటే డిజైన్ ఎఫెక్ట్ 1.9కి దిగేది, సుమారు 110 మందితో సమానమయ్యేది. బస్సుల్లో తిరుగుడు పెరిగేది కానీ అంతే మంది పిల్లలతో మూడింతల సమాచారం దొరికేది. ఈ మాట ఏడాది ముందు విని ఉంటే ఎంత బాగుండేదని ఆ సాయంత్రం బస్సులో కూర్చొని చాలాసేపు బాధపడ్డాను.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు అడగాల్సింది: తిరిగొచ్చిన మూడు నెలల్లో ఈ పని నా సొంత శాంపిళ్ల మీదో నా సొంత డేటా మీదో చేస్తానా? చేయలేనంటే, ఎంత పెద్ద సంస్థ పిలిచినా ఆ ఏడాదికి పక్కన పెట్టండి. మిషను మన దగ్గర లేకపోయినా ఫర్వాలేదు, వాడుకోనిచ్చే ల్యాబ్ ఒకటి ముందే మాట్లాడుకొని ఉండాలి. నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్నకు మిగతా అన్నిటికీ కలిపి ఉన్నంత బరువుంది.

తర్వాత, చేత్తో ఎంతసేపు చేయిస్తారన్నది. "హ్యాండ్స్ ఆన్" అని బ్రోచర్ మీద అందరూ వేస్తారు. మెయిల్ పెట్టి అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది, ఒక మిషను దగ్గర ఎంతమంది నిలబడతారు, మొదటి నుంచి చివరిదాకా ఒక ప్రయోగం నేను సొంతంగా చేస్తానా. నలభై మంది చుట్టూ మూగితే ఒకరు పిపెట్ పట్టుకుంటారు, మిగతావాళ్లు ఫోన్లో వీడియో తీసుకుంటారు. ఆ వీడియో ఇంట్లో కూర్చొని కూడా చూడొచ్చు.

డబ్బు లెక్క ఫీజుతో ఆగదు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. రోజూ పోయి రావచ్చనిపిస్తుంది కానీ తొమ్మిదిన్నరకు క్లాసుంటే తెల్లవారుజామున బస్సెక్కాలి. ల్యాబ్ పని సాయంత్రం ఆరున్నర దాకా సాగితే ఇంటికి చేరేసరికి రాత్రి పదవుతుంది. ఐదు రోజులు అలా తిరిగితే మూడో రోజు నుంచి బుర్రకు ఏమీ ఎక్కదు. కాబట్టి హాస్టల్ ఇస్తారా అన్నది పెద్ద విషయం, అమ్మాయిలకు మరీ పెద్ద విషయం. గెస్ట్ లెక్చరర్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి: పీరియడ్‌కు ఇంత అని జీతం వచ్చేవాళ్లకు ఐదు రోజుల వర్క్‌షాప్ అంటే ఐదు రోజుల జీతం పోయినట్టే.

సర్టిఫికెట్ సంగతి చివర చూడండి. ఎక్కడ చెల్లుతుందో తెలిసిన సర్టిఫికెట్లు కొన్నే ఉన్నాయి, అవి కింద వచ్చినప్పుడు చెప్తాను.

చెన్నై ఎన్‌ఐఈ వారి ఆన్‌లైన్ కోర్సు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద చెన్నైలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ 'బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రిసెర్చ్' నడుపుతుంది. పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. మెడికల్ పీజీలకు ఇది తప్పనిసరి కాబట్టి వాళ్లకు ఎంపిక అన్న మాటే లేదు. నేను చెప్పేది మిగతావాళ్లకు. జువాలజీ, బయోకెమిస్ట్రీ స్కాలర్లు "అది డాక్టర్ల కోర్సు కదా" అని వదిలేస్తారు. అలా వదిలేయొద్దు. పరిశోధన ప్రశ్నను ఎలా పదును పెట్టాలి, ఏ ప్రశ్నకు ఏ స్టడీ డిజైన్, ఎంతమందిని తీసుకోవాలి, ఎథిక్స్ కమిటీకి ఏం రాయాలి, ప్రోటోకాల్ ఎలా తయారు చేయాలి, ఇవన్నీ అందులో ఒక వరసలో వస్తాయి. నేను నాలుగు ఊళ్లతో చేసిన పొరపాటు లాంటివి ఈ పాఠాలు విన్నవాళ్లు ముందే పట్టుకుంటారు.

ఇంకో లాభం తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు. ముందు వరసలో కూర్చొని గబగబా సాగే ఇంగ్లిష్ లెక్చర్ వినేటప్పుడు అర్థం కాని మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. రికార్డు పాఠాన్ని ఆపి, వెనక్కు పోయి, మళ్లీ వినొచ్చు. ఊళ్లో ఉండే, రాత్రిపూట వినొచ్చు. లోటు ఒకటే: మీ డేటా చూసి తప్పు చెప్పేవాళ్లు ఉండరు. అందుకే నలుగురు స్కాలర్లు కలిసి చేరి, వారానికోసారి కూర్చొని ఎవరి ప్రోటోకాల్ వాళ్లు బయటపెట్టి మాట్లాడుకుంటే బాగా పనిచేస్తుంది.

జాతీయ సంస్థల్లో ల్యాబ్ శిక్షణ

మనకున్న అదృష్టం ఇది. హైదరాబాద్ హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్, రెండూ బస్సు దూరంలో ఉన్నాయి. ఇతర రాష్ట్రాల పిల్లలు రెండు రోజులు రైలెక్కి వచ్చే చోట్లు అవి. సీసీఎంబీలో నైపుణ్య శిక్షణ కార్యక్రమాల కింద మాలిక్యులర్ బయాలజీ, సెల్ కల్చర్ వంటివి నేర్పుతారు, ఫీజు ఉంటుంది. ఎన్‌ఐఎన్‌లో పోషకాహార సర్టిఫికెట్ కోర్సుతో పాటు రక్తహీనత పరీక్షా పద్ధతులు, హార్మోన్ల పరీక్షా పద్ధతుల మీద శిక్షణలు ఎన్నో ఏళ్లుగా సాగుతున్నాయి. మన జిల్లాల్లో పని చేసేవాళ్లకు ఎన్‌ఐఎన్ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) ఉన్న ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని, ఎముకలు బలహీనపడడాన్ని 1973లో లాన్సెట్ పత్రికలో రాసింది అక్కడి శాస్త్రవేత్తలే. రక్తహీనత, ఫ్లోరోసిస్, పోషణ మీ అంశమైతే అక్కడి శిక్షణ తిరిగొచ్చిన మర్నాడు నుంచే అక్కరకొస్తుంది.

ఏ టెక్నిక్ ఎంచుకోవాలో మీ ల్యాబ్ చెప్పాలి. ఫ్లోరైడ్ మీద పని చేసేవాళ్లకు దాన్ని కొలిచే ఐయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ చాలు. కొలిచే ముందు శాంపిల్‌లో టీసాబ్ బఫర్ అనే ద్రావణం ఎందుకు కలపాలి, అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్‌ను అది ఎలా విడిపిస్తుంది, శాంపిల్ గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో ఎందుకు దాచాలి, ఇంత తెలిస్తే మీ జిల్లాలోనే పని మొదలవుతుంది. దీన్ని రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. ఇది వదిలేసి మైక్రోస్కోపీ, సీక్వెన్సింగ్ అంటూ పెద్ద పేర్ల వెంట పడి తిరిగొచ్చిన స్కాలర్లు నాకు తెలుసు. వాళ్ల థీసిస్‌లో ఆ పేర్లు ఒక్క పేరాలో కూడా రాలేదు.

ఎలుకల మీద పని ఉన్నవాళ్లకు మాత్రం ఇందులో రెండో ఆలోచన వద్దు. జంతువులను పట్టుకోవడం, మత్తివ్వడం, రక్తం తీయడం వీడియో చూసి నేర్చుకునేవి కావు. ఒక గుర్తింపు ఉన్న చోట పెద్దల పక్కన నిలబడి నేర్చుకోకుండా ఎలుక మీద చెయ్యి వేయొద్దు.

రెండు నెలల వేసవి ఫెలోషిప్

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసీ, ఈ మూడు సైన్స్ అకాడమీలూ కలిసి ఏటా ఇచ్చేది. విద్యార్థులూ పెట్టుకోవచ్చు, అధ్యాపకులూ పెట్టుకోవచ్చు. స్టైపెండ్ ఇస్తారు. దరఖాస్తులు సాధారణంగా నవంబరు చుట్టుపక్కల తీసుకుంటారు కాబట్టి వేసవిలో ఆలోచించేవాళ్లకు అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఐదు రోజుల వర్క్‌షాప్‌లో ప్రతి ప్రయోగమూ సక్సెస్ అయ్యేలా ముందే సర్ది పెడతారు. రెండు నెలలు ఒక ల్యాబ్‌లో ఉంటే ప్రయోగం ఎలా చెడిపోతుందో, చెడిపోయినప్పుడు ఏ మెట్టు దగ్గర వెతకాలో చూస్తారు. ల్యాబ్ మీటింగులో ఒకరి ఫలితాన్ని ఇంకొకరు ఎలా నిలదీస్తారో వింటారు. మన కాలేజీల్లో దొరకనిది అదే. ఎమ్మెస్సీ చదివే పిల్లలకు నా మొదటి ఓటు దీనికే. డిగ్రీ కాలేజీ అధ్యాపకులకు కూడా వేసవిలో జీతం కోత లేకుండా దొరికే మంచి అవకాశం. చిక్కు ఏమిటంటే మన సెమిస్టర్ పరీక్షలు ఒక్కో ఏడాది మే దాటి జరుపుతారు. అలాంటప్పుడు చేరే తేదీ గురించి అక్కడి శాస్త్రవేత్తకు ముందే మెయిల్ పెట్టి అడగాలి. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లకు, ముసలి తల్లిదండ్రుల్ని చూసుకునేవాళ్లకు రెండు నెలలు కుదరదు, దానికి తప్పు పట్టేదేమీ లేదు.

స్టాటిస్టిక్స్, డేటా వర్క్‌షాప్‌లు

పెట్టిన డబ్బుకు ఎక్కువ కాలం పలికేది ఇదేనని నా గట్టి నమ్మకం. దీనికి మిషను అక్కర్లేదు, కరెంటు పోతే పాడయ్యేది ఏమీ ఉండదు, ఒక పాత ల్యాప్‌టాప్ చాలు. కాకపోతే ఏ సాఫ్ట్‌వేర్ మీద నేర్పుతున్నారో చూడండి. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ మీద నేర్చుకుంటే లైసెన్సు లేని మన డిపార్ట్‌మెంట్‌లో మళ్లీ చేతులు ముడుచుకోవాలి. 'ఆర్', జమోవి, బొమ్మల కొలతలకు ఇమేజ్‌జే, ఇవన్నీ ఉచితం. వీటి మీద నేర్పేదాన్నే ఎంచుకోండి.

ఇంకో పరీక్ష ఉంది. సిలబస్‌లో టీ టెస్ట్, అనోవా, కై స్క్వేర్ అని టెస్టుల పేర్లు మాత్రమే ఉంటే అది బటన్లు నొక్కడం నేర్పే వర్క్‌షాప్. శాంపిల్ సైజు, గుంపులుగా ఉండే డేటా, మిస్ అయిన డేటా అన్న మాటలు కనిపిస్తే అది పరిశోధన నేర్పే వర్క్‌షాప్. "మీ సొంత డేటా తెచ్చుకోండి" అని రాసి ఉంటే ఇంకా మంచిది. వెళ్లాల్సింది మాత్రం డేటా సేకరించక ముందు. ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు.

రాయడం, గ్రాంటు దరఖాస్తులు

పేపర్ డ్రాఫ్టు చేతిలో లేకుండా రాత శిక్షణకు పోవద్దు. డ్రాఫ్టు ఉంటే మాత్రం తప్పకుండా పోండి. పరిశోధనలకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ హైదరాబాద్‌లోనే ఉంది. 2008లో మొదలైన ఆ సంస్థ ఫెలోషిప్‌లు ఇస్తూ, సైన్స్ రాత మీద, దరఖాస్తుల మీద వర్క్‌షాప్‌లు కూడా పెడుతోంది. బెంగళూరు ఇండియా బయోసైన్స్ వాళ్ల కెరీర్ శిక్షణలూ ఈ కోవలోవే. అవి దొరికేలోపు చేసుకోదగ్గ పని ఒకటుంది: పరిశీలనాత్మక అధ్యయనాలకు స్ట్రోబ్, ట్రయల్స్‌కు కన్సార్ట్, కేస్ రిపోర్టులకు కేర్ అనే చెక్‌లిస్టులు ఉచితంగా ఉన్నాయి. మీ డ్రాఫ్టును పక్కన పెట్టుకొని ఒక్కో అంశం టిక్ పెట్టుకుంటూ పోతే సగం శిక్షణ అయిపోయినట్టే.

"పబ్లికేషన్ ఎథిక్స్ – రెండు రోజుల వర్క్‌షాప్, ఫీజు ఇంత" అని వచ్చేవాటికి పీహెచ్‌డీ స్కాలర్లు డబ్బు పెట్టక్కర్లేదు. రిసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ మీద రెండు క్రెడిట్ల, 30 గంటల కోర్సును కోర్స్ వర్క్‌లో యూజీసీ ముందే తప్పనిసరి చేసింది. దాన్నే శ్రద్ధగా చదవండి.

ప్రైవేటు శిక్షణ కేంద్రాలు

హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, అందరినీ ఒకే గాటన కట్టను. నాలుగే సీట్లు పెట్టుకొని ఓపిగ్గా సెల్ కల్చర్ నేర్పేవాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టే ముందు ఒకసారి స్వయంగా పోయి ల్యాబ్ చూడండి. నేర్పేవాళ్లు ఎవరో, వాళ్లు ఎక్కడ పని చేశారో అడగండి. కెమికల్స్, కిట్ల ఖర్చు ఫీజులో కలిసిందా, నా శాంపిల్ తెస్తే చేయనిస్తారా అని కూడా అడగండి. డీఎన్‌ఏ తీయడం, జెల్ నడపడం, మామూలు పీసీఆర్, ఈ మూడే సిలబస్ అయితే అది డిగ్రీలో చేయాల్సిన ప్రాక్టికల్. కాలేజీలో చేయించలేదంటే అది వేరే బాధ, కానీ దానికి వేలు పోయకండి. "థీసిస్ కూడా రాసిస్తాం, పేపర్ కూడా వేయిస్తాం" అన్న మాట వినిపిస్తే అక్కడినుంచి వచ్చేయండి. అది శిక్షణ కాదు, మీ పేరు మీద జరిగే మోసం. బయటపడ్డ రోజు డిగ్రీ పోయేది మీకే.

| ఎంపిక | ఖర్చు | పట్టే కాలం | చేత్తో పని | ముందుగా ఉండాల్సింది |
|---|---|---|---|---|
| ఎన్‌ఐఈ ఆన్‌లైన్ కోర్సు | పాఠాలు ఉచితం, పరీక్షకు ఫీజు | కొన్ని వారాలు, ఇంటినుంచే | లేదు | నెట్, నలుగురు తోడు |
| జాతీయ సంస్థలో ల్యాబ్ శిక్షణ | ఫీజు, వసతి | కొద్ది రోజుల నుంచి కొన్ని వారాలు | బాగా | తిరిగొచ్చాక చేసుకునే ల్యాబ్ |
| వేసవి ఫెలోషిప్ | వాళ్లే ఇస్తారు | రెండు నెలలు | అన్నిటికంటే ఎక్కువ | చలికాలంలోనే దరఖాస్తు |
| డేటా వర్క్‌షాప్ | తక్కువ | 3 నుంచి 7 రోజులు | ల్యాప్‌టాప్ మీద | పరిశోధన ప్రశ్న, ఇంకా సేకరించని డేటా |
| రాత, గ్రాంటు శిక్షణ | తక్కువ | 1 నుంచి 3 రోజులు | సొంత డ్రాఫ్టు మీద | డ్రాఫ్టు |
| ప్రైవేటు కేంద్రం | ఎక్కువ | రకరకాలు | చూసి తేల్చుకోవాలి | స్వయంగా పోయి చూడడం |

మీరు ఎవరైతే ఏది

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉండి సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇంకా ఇవ్వకపోతే: ముందు ఆన్‌లైన్ కోర్సు, దాని వెంటే డేటా వర్క్‌షాప్. ల్యాబ్ శిక్షణ రెండో ఏడాదికి వదిలేయండి. అప్పటికి ఏ టెక్నిక్ కావాలో మీకే తెలుస్తుంది.

ఊళ్లలో తిరిగి పని చేసేవాళ్లకు, ఫ్లోరోసిస్, రక్తహీనత, షుగరు వంటివాటి మీద ఉన్నవాళ్లకు, ఎథిక్స్ భాగం బలంగా ఉన్న శిక్షణ ముఖ్యం. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం బడి పిల్లల మీద అధ్యయనానికి తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. ఆ పత్రాన్ని చండూరు పిల్లవాడికో అచ్చంపేట తండా పాపకో అర్థమయ్యే తెలుగులో రాయడం ఎవరూ నేర్పరు, కానీ ఎందుకు రాయాలో మంచి శిక్షణ నేర్పుతుంది.

మెడికల్ పీజీలు తప్పనిసరి కోర్సును పరీక్ష కోసం కాకుండా డిసర్టేషన్ ప్రోటోకాల్ పక్కన పెట్టుకొని చేయాలి. రోగుల మీద ఏదైనా మందునో పద్ధతినో పోల్చి చూసేదైతే, మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో, అంటే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీలో, నమోదు కావాలి. ఈ నియమం 2018 ఏప్రిల్ 1 నుంచి ఉంది, రోగుల్ని చేర్చుకున్నాక నమోదు చేస్తానంటే కుదరదు. మెడికల్ కాలేజీల్లో డాక్టర్ల కోసం జరిగే ఒకరోజు సీఎంఈ సదస్సులు క్రెడిట్ అవర్స్‌కు పనికొస్తాయి, నేర్చుకోవడానికి వాటి మీద ఆధారపడొద్దు.

గెస్ట్ లెక్చరర్లకు: ఆన్‌లైన్ కోర్సు, వేసవి ఫెలోషిప్. మధ్యలో ఐదు రోజుల కోసం జీతం పోగొట్టుకోవద్దు.

ఎమ్మెస్సీ వాళ్లకు ఫెలోషిప్ రాకపోతే బాధపడకండి. కేంద్ర సంస్థల నిధులతో జరిగే వర్క్‌షాప్‌లలో చాలావాటికి ఫీజు ఉండదు, వసతి, భోజనం వాళ్లే చూస్తారు. ఎంపిక చేసేది మీరు రాసే ఒక పేజీ చూసి. ఆ పేజీలో "నాకు నేర్చుకోవాలని చాలా ఆసక్తి" అని అందరూ రాస్తారు. మీరు మాత్రం ఇలా రాయండి: మా జిల్లాలో నేను అడుగుతున్న ప్రశ్న ఇది, ఇప్పటికి ఇంత చేశాను, ఈ మెట్టు దగ్గర ఆగిపోయాను, మీ దగ్గర నేర్చుకున్నది ఫలానా నెలలో ఫలానా ల్యాబ్‌లో వాడతాను. మా దగ్గర నుంచి ఎంపికైన పిల్లల దరఖాస్తుల్లో నేను చూసింది ఈ నాలుగు మాటలే.

గైడు సంతకం, ప్రిన్సిపాల్ ఫార్వర్డింగ్ లెటర్, బోనఫైడ్, ఈ మూడింటికీ మన ఆఫీసుల్లో వారం పడుతుంది. చివరి తేదీ పదిహేనో తారీఖు అయితే ఐదో తారీఖుకే కాగితం టేబుల్ మీద పెట్టండి. సంతకం దొరక్క ఆగిపోయిన దరఖాస్తులు, ఎంపిక కాక ఆగిపోయిన వాటికంటే మా దగ్గర ఎక్కువ.